కాశీ మజిలీలు: ఒక నగరం, పన్నెండు గ్రంథాలు

జాతీయ సమైక్యతకు సాహిత్యం చేయగల దోహదాన్ని గురించి మనం తరచుగా వింటూ ఉంటాము. ఒక ప్రాంతంవారి గ్రంథాలను మరొక ప్రాంతంవారు చదివినప్పుడు ఇరువురి మధ్యనున్న అపరిచయం కొంతైనా తొలగుతుందన్నది అనుభవంలో తేలిన విషయమే. అయితే ఏమి చదవాలి, ఏ వరుసలో చదవాలి అని పాఠకుడు అడిగినప్పుడు సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే: రాష్ట్రానికి ఒక పుస్తకం చొప్పున చదవండి. వంగదేశానికి ఒక నవల, కేరళకు ఒక నవల, పంజాబుకు ఒక కథల సంపుటి. సంవత్సరం తిరిగేసరికి దేశమంతా చుట్టివచ్చినట్లవుతుంది.

ఈ పద్ధతిని నేనూ కొన్నేళ్ళు పాటించాను. దానివల్ల మేలు లేదనను. కాని అందులో ఒక లోపమున్నదని ఆలస్యంగా గ్రహించాను. ఒక ప్రాంతం నుంచి ఒకే పుస్తకం చదివిన పాఠకుడికి ఆ పుస్తకమే ఆ ప్రాంతమై కూర్చుంటుంది. అందులో కనిపించిన పేద పురోహితుడు అక్కడివారందరికీ ప్రతినిధి అవుతాడు. ఆ అభిప్రాయాన్ని సరిదిద్దగల రెండవ పుస్తకం అతని చేతికి రాదు. తెలియదన్న వినయం పోయి, తెలుసునన్న భ్రమ మిగులుతుంది. ఇరుగుపొరుగుల మధ్య అపోహలకు తెలియనితనం కంటే ఈ భ్రమే ఎక్కువగా కారణమవుతుందని నా అభిప్రాయం.

అందువల్ల ఈ వ్యాసంలో దీనికి భిన్నమైన ఒక పఠన వ్రతాన్ని పాఠకుల ముందుంచుతున్నాను. ఒకే నగరం, పన్నెండు నెలలు, పన్నెండు గ్రంథాలు. ఉదాహరణకు కాశీని తీసుకున్నాను. హిందీ నుంచి తెలుగులోకి అనువదించడం నా వృత్తి కావడం ఇందుకు ఒక కారణం. తెలుగువారు తమకు బాగా తెలుసుననుకునే ఉత్తరాది నగరం అదే కావడం రెండవ కారణం.

మనకు తెలిసిన కాశీ

కాశీ పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని వెనుకటివారు అనేవారు. అక్కడికి వెళ్ళివచ్చినవారు తమకు ఇష్టమైన కాయనో పండునో గంగలో విడిచివచ్చామని చెప్పి, జన్మాంతం దానిని ముట్టరు. కొన్ని ఇళ్ళ పెళ్ళిళ్ళలో వరుడు గొడుగు, చేతికర్ర పట్టుకొని కాశీకి బయలుదేరతాడు. బావమరిది అడ్డుపడి వెనుకకు మళ్ళిస్తాడు. ఆ పందిట్లోనే పెళ్ళికూతురి ఒంటిమీద ఉండే పట్టుచీర ఎన్నోసార్లు ఆ కాశీలో నేసినదే అయి ఉంటుంది.

మా నాయనమ్మ కాశీ చూడాలని ఎన్నో ఏళ్ళు అనుకొని, చూడకుండానే వెళ్ళిపోయింది. ఆమె అస్థికలతో మా కుటుంబం కాశీకి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. దాక్షిణాత్యులు ఎక్కువగా బస చేసే కేదారఘాట్ ప్రాంతంలో దిగాము. రోజూ గోదౌలియా వైపు నడిచి వెళ్ళే దారిలో ఒక పేట మీదుగా పోయేవారము. ఇరుకు సందుల లోపలి నుంచి పగలంతా ఒకే లయతో ఒక చప్పుడు వినిపిస్తూ ఉండేది. అది ఏమిటని నేను అడగలేదు. కర్మకాండ పూర్తిచేసి, గంగాజలం చెంబులతో తిరిగివచ్చాము. అప్పటికే నేను హిందీలో ఎం.ఏ. పూర్తిచేసి ఉన్నాను, కాశీని చూశానని కూడా అనుకున్నాను.

ఆ పేట పేరు మదన్‌పురా. ఆ చప్పుడు మగ్గాలది. మా నాయనమ్మ పెట్టెలో వేపాకుల మధ్య మడతపెట్టి ఉన్న పెళ్ళిచీర అటువంటి ఇంటిలో నేసినదేనని, నేసినవారు ముస్లిం నేతపనివారై ఉంటారని నాకు తెలియజెప్పినది యాత్ర కాదు. తరువాత చదివిన ఒక నవల.

ఒక మాట నేర్పిన పాఠం

అంతకు ముందే ఆ చప్పుడు నన్ను ఒకసారి హెచ్చరించింది. బనారసు నేతపనివారి జీవితాన్ని గురించిన ఒక రచనను తెలుగు చేస్తున్నప్పుడు 'గిరస్తా' అనే మాట పదేపదే వచ్చింది. సంస్కృతపు 'గృహస్థ' శబ్దమే కదా అని, నిఘంటువు తెరవకుండానే గృహస్థుడని రాశాను. అర్థం పొసగినట్లే కనిపించింది. నేత పదాలను సరిచూసుకోవడానికి చీరాలలో ఒక వృద్ధ నేతపనివాని వద్దకు వెళ్ళి, రాసినది చదివి వినిపించాను. పడుగు, పేక, నాడె, అచ్చు వంటి మాటల దగ్గర ఆయన ఏమీ అనలేదు. ఈ మాట దగ్గర మాత్రం ఆపాడు.

“పట్టు ఇచ్చేవాడు, కూలి కట్టేవాడు, చీరలో మచ్చ ఉందని కూలి కోసేవాడు గృహస్థుడెట్టా అవుతాడు బాబూ? వాడు షావుకారు గదా!”

ఆయన హిందీ ఎరుగడు. బనారసు చూడలేదు. కాని మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఎదురుగా ఎవరు నిలబడతారో ఆయనకు తెలుసు. బనారసు నేతపేటలలో గిరస్తా అంటే ముడిసరుకు ఇచ్చి నేయించుకునే ఆసామి. నిఘంటువు ఇచ్చే అర్థం సంస్కృతానిది. ఆ ఊరి అర్థం వేరు. ఊరు తెలియకుండా ఆ ఊరి మాటలు తెలియవు. అనువాదకుడికి వర్తించే ఈ సూత్రం పాఠకుడికీ వర్తిస్తుంది.

వ్రత నియమాలు

తెలుగులో మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన 'కాశీమజిలీ కథలు' ఎందరో చదివినదే. కాశీకి బయలుదేరిన మణిసిద్ధుడికి తోడుగా గోపడనే పశువుల కాపరి వెళతాడు. అతడు పెట్టిన షరతు ఒక్కటే: ప్రతి మజిలీలో తనకు కనిపించిన వింతను గురించి అడుగుతాడు, దాని కథ చెప్పాలి. ముందు ప్రశ్న, తరువాత కథ. మన వ్రతానికి కూడా ఈ పద్ధతినే ఆధారంగా తీసుకోవచ్చును. నియమాలు నాలుగు.

మొదటిది, ప్రతి గ్రంథానికి ముందు ఒక ప్రశ్న రాసుకోవాలి. చదివిన తరువాత, ఆ ప్రశ్నకు దొరికిన సమాధానం పది వాక్యాలకు మించకుండా రాయాలి.

రెండవది, నోటుపుస్తకం మొదటి పుటలో నగర పటం గీసుకోవాలి. కాశీ వద్ద గంగ నెలవంక ఆకారంలో వంగి ఉత్తర దిశగా ప్రవహిస్తుంది. ఘాట్లన్నీ పడమటి ఒడ్డున ఉన్నాయి; ఎదుటి ఒడ్డు ఇసుకమేట. దక్షిణపు కొసన అస్సీ, ఉత్తరాన వరుణ గంగలో కలుస్తాయి. గ్రంథంలో తగిలిన ప్రతి పేటను, ఘాట్‌ను ఈ పటంలో గుర్తించాలి. ఒక పాత్ర ఎక్కడినుంచి ఎక్కడికి నడిచిందో తెలిస్తే కథ సగం తెలిసినట్లే.

మూడవది, ఒకే వర్గంవారిని గురించిన పుస్తకాలను వరుసగా రెండు నెలలు చదవరాదు. పండాల తరువాత నేతపనివారు, పండితుల తరువాత భిక్షుకులు రావాలి.

నాలుగవది, ఈ వ్రతాన్ని ఒంటరిగా కాక అయిదారుగురు కలిసి చేయాలి. ఈ గ్రంథాలన్నీ తెలుగులో లభించవు. అనువాదం దొరకని పుస్తకాన్ని హిందీ తెలిసినవారు చదివి, మిగిలినవారికి కథగా చెప్పవచ్చును. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలలో ఉత్తీర్ణులైనవారు మన పట్టణాలలో ఎందరో ఉన్నారు. వారికి తమ చదువును వినియోగించే అవకాశం కలుగుతుంది; శాఖా గ్రంథాలయంలో నెలకొక సాయంకాలం సార్థకమవుతుంది.

పన్నెండు మజిలీలు

మొదటి మజిలీ మన ఇంటినుంచే మొదలు కావాలి. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపిన విశేషాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా వెలువడ్డాయి. రెండు భాషల మధ్య నిలబడడమే ఉద్యోగంగా గలవాడు కనుక ఆయన కన్ను వివరాల మీద ఉంటుంది. అడగవలసిన ప్రశ్న: యాత్రికుడు పుణ్యం కాక మరేమేమి గమనించాడు?

రెండవ మజిలీ శ్రీనాథుని 'కాశీఖండము'. పదిహేనవ శతాబ్దంలో వీరభద్రారెడ్డికి అంకితమైన ఈ కావ్యమంతా చదవడం కష్టమైతే, అగస్త్యుడు లోపాముద్రతో కాశీని విడిచి దక్షిణానికి బయలుదేరే ఘట్టం చదివినా చాలును. ప్రశ్న: కాశీని విడవడం ఎందుకంత దుఃఖమైంది?

మూడవ మజిలీలో కబీరు, తులసీదాసుల పదాలను కలిపి చదవాలి. ఒకరు నేతపనివాడు, మరొకరు రామభక్తుడైన పండితకవి. కాశీలో మరణిస్తే ముక్తి, మగహర్‌లో మరణిస్తే గాడిద జన్మ అని లోకం అనుకునే కాలంలో కబీరు మగహర్‌కు వెళ్ళి తనువు చాలించాడని ప్రతీతి. 1623లో కాశీలోనే కన్నుమూసిన తులసీదాసు తన 'కవితావళి'లో నగరాన్ని పట్టిన మహమ్మారిని వర్ణించాడు. ప్రశ్న: పుణ్యక్షేత్రంలో ఆకలి, రోగం ఉన్నప్పుడు కవి ఎవరితో మొరపెట్టుకున్నాడు?

నాలుగవ మజిలీ మీర్జా గాలిబ్ పారశీకంలో రచించిన 'చిరాగె దైర్'. 'గుడిలోని దీపం' అని ఈ పేరుకు అర్థం. ఢిల్లీ నుంచి కలకత్తాకు ప్రయాణిస్తూ, 1827 ప్రాంతంలో బనారసులో ఆగిన కవి 108 ద్విపదలలో ఈ నగరాన్ని కీర్తించాడు. అంటే వీరాస్వామయ్య రావడానికి మూడు నాలుగేళ్ళ ముందు. ఇరువురూ ఒకే ఘాట్లను చూశారు. ప్రశ్న: ఒకే కాలంలో ఒకే నగరం ఇరువురికి ఎలా కనిపించింది?

అయిదవ మజిలీ భారతేందు హరిశ్చంద్రుని 'ప్రేమజోగినీ'. కాశీలో పుట్టి, ముప్పదినాలుగేళ్ళకే 1885లో మరణించిన ఈ రచయిత తన ఊరిని ప్రేమించినంతగా ఎత్తిపొడిచాడు. అసంపూర్ణంగా మిగిలిన ఈ నాటకంలో గుళ్ళలోని కాలక్షేపాలు, దళారులు, యాత్రికులను పీడించేవారు దర్శనమిస్తారు. ప్రశ్న: సొంత ఊరి దోషాలను చెప్పే హక్కు ఎవరికి ఉంది?

ఆరవ మజిలీ శివప్రసాద్ మిశ్ర 'రుద్ర' కాశికేయ రచించిన 'బహతీ గంగా' (1952). పదిహేడు కథలలో కాశీ రెండు వందల ఏళ్ళ జీవితం ఇందులో ప్రవహిస్తుంది. దీనితోపాటు జయశంకర్ ప్రసాద్ కథ 'గుండా' చదవాలి. 1781లో వారన్ హేస్టింగ్సు రాజా చేత్‌సింగును నిర్బంధించిన సంఘటన దీనికి నేపథ్యం. తెలుగులో గూండా అంటే రౌడీ. ప్రసాద్ కథలోని నన్హకూసింగు మాట కోసం ప్రాణమిచ్చే వీరుడు. ఈ కథ పేరును తెలుగులో ఏమని రాయాలో నాకు నేటికీ తోచలేదు. ప్రశ్న: ఒక మాట గౌరవం ఎప్పుడు, ఎందువల్ల పోతుంది?

ఏడవ మజిలీ ప్రేమ్‌చంద్ 'సేవాసదన్'. మొదట ఉర్దూలో రాసినా హిందీలోనే ముందుగా ప్రచురితమైన నవల ఇది. ఆలస్యంగా ఇంటికి వచ్చిందని భర్త తలుపు మూసిన రాత్రి సుమన్ జీవితం దారి తప్పుతుంది. దాల్‌మండీ మేడల వరకు వెళుతుంది. వేశ్యలను నగరం వెలుపలికి తరలించాలని పురపాలక సంఘంలో జరిగే చర్చలను శ్రద్ధగా చదవాలి. ప్రశ్న: ఆ చర్చలో ఆ స్త్రీల మాట ఎంతవరకు వినిపించింది?

ఎనిమిదవ మజిలీ ఆయనదే 'రంగభూమి' (1925). పాండేపూర్‌లోని అంధ భిక్షుకుడు సూర్‌దాస్ తన కొద్దిపాటి నేలను సిగరెట్ల కర్మాగారానికి ఇవ్వనంటాడు. ఎం.ఏ. పరీక్షలో ఈ నవల మీద గాంధేయ ప్రభావాన్ని గురించి ఎన్నో పుటలు రాశాను. పాండేపూర్ నిజంగా ఉన్న పేట అని, ప్రేమ్‌చంద్ స్వగ్రామమైన లమహీకి ఆ దారినే వెళతారని అప్పుడు ఎరుగను. పటం గీసుకున్న రోజున గాని నాకు తెలియలేదు: ఆయన తన ఇంటిదారిలో కనిపించే పేటనే ఆ కథకు రంగస్థలం చేసుకున్నాడు. ప్రశ్న: ఊరి ఉమ్మడి మేలు అన్నప్పుడు ఆ ఊరిలో ఎవరెవరు లెక్కకు వస్తారు?

తొమ్మిదవ మజిలీ విభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల 'పథేర్ పాంచాలీ' (1929) చివరి భాగం. పల్లె విడిచి హరిహరుడు భార్యాబిడ్డలతో కాశీ చేరి, ఘాట్‌లో పురాణం చెప్పి పొట్టపోసుకుంటాడు; అక్కడే మరణిస్తాడు. భార్య సర్వజయ ఒక ధనికుల ఇంట వంటలక్క అవుతుంది. ముక్తి కోసం కాక, బ్రతుకు కోసం కాశీ వచ్చినవారి కథ ఇది. ప్రశ్న: పరాయి ఊరిలో దిక్కులేనిదైన స్త్రీకి కాశీ ఏమిచ్చింది?

పదవ మజిలీ శివప్రసాద్ సింగ్ నవల 'గలీ ఆగే ముడ్‌తీ హై' (1974). విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆశలు, అశాంతి దీని వస్తువు. సందు ముందుకు పోయి మలుపు తిరుగుతుందన్నది పేరుకు అర్థం. ప్రశ్న: ప్రాచీన నగరంలో యువకుడై ఉండడం ఎటువంటిది?

పదకొండవ మజిలీ అబ్దుల్ బిస్మిల్లా నవల 'ఝీనీ ఝీనీ బీనీ చదరియా' (1986). పేరు కబీరు పదం నుంచి వచ్చింది. రచయిత ఏళ్ళ తరబడి నేతపేటలలో తిరిగి రాసిన పుస్తకమిది. నేతపనివాడు మతీన్, క్షయతో కృశించే భార్య అలీమున్, నేసిన చీరకు వచ్చే కూలి, అందులో పడే కోతలు, సహకార సంఘం పెట్టుకోవాలన్న ప్రయత్నం, అందుకు కలిగే అడ్డంకులు ఇందులో ఉన్నాయి. నేను ముందు చెప్పిన నవల ఇదే. ప్రశ్న: చీర వెల ఎవరెవరి చేతుల మీదుగా పెరిగింది, నేసినవాని చేతికి ఎంత వచ్చింది?

పన్నెండవ మజిలీ కాశీనాథ్ సింగ్ 'కాశీ కా అస్సీ' (2002). పప్పూ టీ దుకాణం దగ్గర చేరే జనం దేశ రాజకీయాలన్నింటినీ తూర్పారబడతారు. 1990 తరువాతి కాలం, విదేశీయులకు గదులు అద్దెకిచ్చే పండాల ఇళ్ళు, మారుతున్న మర్యాదలు కనిపిస్తాయి. అందులోని తిట్లు అక్కడివారికి ఆప్యాయత. యథాతథంగా తెలుగు చేస్తే బూతులు. ప్రశ్న: మనం అసభ్యమనుకునేది మరొకచోట చనువెలా అయింది?

గ్రంథాలు ఒకదానితో ఒకటి తలపడినప్పుడు

ఈ పన్నెండు గ్రంథాలు చదివినవారికి ఒకే కాశీ మిగలదు. శ్రీనాథుడు విడువలేని నగరాన్ని కబీరు విడిచి వెళ్ళాడు. గాలిబ్ వెలుగు చూసినచోట భారతేందు మసిని చూపాడు. పప్పూ దుకాణంలో కూర్చున్నవారికి ఊరంతా ఉల్లాసం. అదే ఊరిలో మతీన్‌కు తీరిక లేదు. వీటిలో ఏది నిజమని పాఠకుడు తప్పక అడుగుతాడు. ఏ ఒక్కటీ అబద్ధం కాదనీ, ఏ ఒక్కటీ చాలదనీ గ్రహించడమే ఈ వ్రతానికి ఫలం. రాష్ట్రానికొక పుస్తకం చదివినప్పుడు లభించనిది ఇదే.

మరొక లాభం కూడా ఉంది. నగరాలు మారుతూ ఉంటాయి. 2021 డిసెంబరు 13న ప్రారంభోత్సవం జరుపుకున్న విశ్వనాథ ఆలయ ప్రాంగణ నిర్మాణంతో గుడికీ గంగకూ మధ్యనున్న ఎన్నో పాత ఇళ్ళు, సందులు తొలగి విశాలమైన మార్గం ఏర్పడింది. యాత్రికులకు సౌకర్యం కలిగింది. ఆ పాత సందులలో నడిచిన తరాల జ్ఞాపకం మాత్రం ఇక పుస్తకాలలోనే వెతుక్కోవాలి. బనారసు పట్టుచీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు వస్త్రానిది. నేసిన మనిషి గుర్తింపు మనకు నవలలోనే దొరుకుతుంది.

తిరుగు ప్రయాణం

శ్రీనాథుని 'భీమేశ్వర పురాణము'లో వ్యాసుని కథ ఉంది. కాశీలో ఎన్నో దినాలు భిక్ష దొరకక, ఆకలి కోపంతో ఆ నగరాన్నే శపించబోయాడు. అమ్మవారు పిలిచి అన్నం పెట్టింది. శివుడు నగరం విడిచి పొమ్మన్నాడు. అప్పుడు శిష్యులతో వ్యాసుడు చేరుకున్నది గోదావరీతీరపు దాక్షారామం. మన పూర్వులు కాశీకి పోయే దారినే కాక, అక్కడినుంచి మన ఊరికి వచ్చే దారిని కూడా ఊహించుకున్నారు.

వ్రతం ముగించేవారు ఆ దారిని కూడా ఆలోచించాలి. మదన్‌పురాలోనో అస్సీలోనో ఉన్న ఒక హిందీ పాఠకుడు మన చీరాలను, రాజమహేంద్రవరాన్ని, హైదరాబాదును గాని ఇదే విధంగా తెలుసుకోవాలనుకుంటే అతనికి మనం ఏ పన్నెండు పుస్తకాలు ఇస్తాము? వాటిలో ఎన్ని అతని భాషలోకి వెళ్ళాయి? మన ఊరిని పొగిడే పుస్తకాలనే ఏరి ఇస్తామా, భారతేందు వంటి సాక్షిని కూడా చేరుస్తామా? ఆ జాబితాను రాయడానికి కూర్చున్నప్పుడు, మన ఊరు మనకెంత తెలుసునో కూడా తేలుతుంది. నేను రెండుసార్లు ప్రయత్నించి ఏడు పుస్తకాల దగ్గర ఆగిపోయాను. వాటిలో మగ్గం చప్పుడు వినిపించేది ఒక్కటి కూడా లేదని చూసుకొని, జాబితాను మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను.

అభ్యాసం

1. పై పన్నెండు గ్రంథాలలో మూడింటిని ఎన్నుకొని, వాటిలో తగిలిన పేటలను, ఘాట్లను మీరు గీసిన పటంలో గుర్తించండి. మూడు కథలూ కలిసే చోటు ఏదైనా ఉన్నదా?

2. వీరాస్వామయ్య యాత్రా వివరాలను గాలిబ్ వర్ణనతో పోల్చి, ఇరువురూ గమనించిన విషయాలను, ఒకరే గమనించిన విషయాలను వేరువేరుగా రాయండి.

3. గిరస్తా, గుండా, గలీ అనే మాటలకు మీ ప్రాంతంలో వాడే సమానమైన మాటలు ఏవి? ఎక్కడ సరిగా అతకలేదు?

4. మీ ఇంటిలో ఉన్న ఒక పాత వస్త్రాన్ని గాని, పాత్రను గాని తీసుకొని, అది ఏ ఊరిలో, ఏ వృత్తివారి చేతిలో తయారైనదో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ ఊరిని గురించి ఒక పుస్తకాన్ని వెతికి చదవండి.

5. పొరుగు రాష్ట్రపు పాఠకునికి మీ ఊరిని పరిచయం చేయగల పన్నెండు గ్రంథాల జాబితా తయారుచేయండి. పన్నెండూ దొరకకపోతే, మీ ఊరిలో ఏయే వృత్తులవారి, ఏయే పేటలవారి కథ ఇంకా గ్రంథస్థం కాలేదో రాయండి.